ప్రచార వీడియో ప్రణాళిక దశకు ధర కట్టడం ఎలా?

హైదరాబాదులో కార్పొరేట్ ప్రచార వీడియోలు తీసే చాలామంది కొటేషన్‌లో కెమెరాకూ, లైట్లకూ, ఎడిటింగ్‌కూ విడివిడిగా ధర వేసి, స్క్రిప్టు, స్టోరీబోర్డు (షాట్లను ముందే బొమ్మలుగా గీయడం), రెక్కీ (షూటింగు చోట్లను ముందే వెళ్లి చూడడం) మాత్రం ఉచితమని రాస్తారు. ఉచితమని మీరే రాసిచ్చిన పనికి ఆ తరువాత డబ్బు అడిగితే ఏ పర్చేజ్ విభాగమూ ఒప్పుకోదు. కాబట్టి ఈ పనులన్నీ కలిసిన ప్రణాళిక దశ కొటేషన్‌లో విడిగా, మొదటి పద్దుగా ఉండాలి.

ముందు మీ రోజు ధర తేల్చుకోండి. అద్దె, జీతాలు, ఇంటి ఖర్చు కలిపి నెలకు 90,000 రూపాయలు కావాలనుకుంటే, దానిని నెలలోని 26 పని దినాలతో కాక 15తో భాగించాలి. మిగిలిన రోజులు కొత్త పని వెతకడానికీ, పాత బాకీల వెంట తిరగడానికీ పోతాయి. రోజుకు 6,000 అవుతుంది.

తరువాత రోజులు లెక్కించండి. పటాన్‌చెరులో ప్లాంటు, గచ్చిబౌలిలో ఆఫీసు ఉన్న సంస్థకైతే బ్రీఫింగుకు 1, స్క్రిప్టుకు 3, స్టోరీబోర్డుకు 2, రెక్కీకి 2, షాట్ లిస్టుకూ, షూటింగు రోజు ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉండాలో చెప్పే కాల్ షీటుకూ 2, మొత్తం 10 రోజులు, అంటే 60,000 రూపాయలు. డ్రోన్ షాట్లు అడిగితే, డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా ధర చెప్పకండి. బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమాన స్థావరాలు ఉన్న ఈ ఊళ్లో అనుమతుల పని వేరే పద్దు.

ప్రణాళికకని మొత్తం బడ్జెట్‌లో పది శాతం వేసే పద్ధతి తప్పు. మూడు రోజుల షూటింగును ఒక్క రోజుకు కుదిస్తే ఆ శాతం తగ్గుతుంది, కానీ ఆ ఒక్క రోజులో అన్నీ పట్టించడానికి ప్రణాళిక పని పెరుగుతుంది.

అసలు చిక్కు సవరణల దగ్గర ఉంది. స్క్రిప్టు ధరలో రెండు విడతల సవరణలు కలిసి ఉంటాయనీ, మూడో విడత నుంచి రోజు ధర పడుతుందనీ రాయండి. అంతటితో ఆగితే మాత్రం మోసపోతారు. మార్కెటింగ్ వారు ఒక రోజు, హెచ్‌ఆర్ వారు మరో రోజు, ఎండీ గారు వారం తరువాత తలా ఒక మార్పు చెప్పి, అన్నీ కలిపి ఒకే విడత అంటారు. అందువల్ల సంస్థ తరఫున ఆమోదించే వ్యక్తి ఒక్కరే ఉండాలనీ, అన్ని విభాగాల అభిప్రాయాలనూ వారే క్రోడీకరించి ఒకే ఈమెయిల్‌లో పంపాలనీ, వాట్సాప్‌లో వచ్చినవి లెక్కలోకి రావనీ స్పష్టంగా పేర్కొనాలి.

సవరణ అంటే ఏమిటో కూడా నిర్వచించాలి. వాక్యాలు మార్చడం సవరణ. కొత్త ఉత్పత్తిని చేర్చడం, ఉద్యోగార్థుల కోసం రాసినదానిని పెట్టుబడిదారుల కోసం తిప్పడం కొత్త స్క్రిప్టు. ఇంగ్లీషు స్క్రిప్టు ఆమోదించాక తెలుగు వాయిస్ ఓవర్ కూడా కావాలంటే అది ఉచిత అనువాదం కాదు, ఎందుకంటే వాక్యం నిడివి మారి, షాట్ల లెక్క మళ్లీ చూడవలసి వస్తుంది. ఫార్మా సంస్థలైతే రెగ్యులేటరీ విభాగం పరిశీలన మొదటి విడతలోనే పూర్తవ్వాలని షరతు పెట్టండి. అది చివర వస్తే స్టోరీబోర్డు కూడా మళ్లీ గీయాలి.

మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం, అంటే 10,800 రూపాయలు, బిల్లులో విడిగా చూపండి. అప్పుడు టీడీఎస్ (సంస్థ చెల్లించేటప్పుడే కోసుకునే ఆదాయపు పన్ను) 60,000 మీదే కోస్తారు. సగం అడ్వాన్సు అందాకే స్క్రిప్టు మొదలుపెట్టండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా జరగాలి కనుక, ప్రణాళిక సొమ్ము పూర్తిగా చెల్లించిన తరువాతే స్క్రిప్టు హక్కులు సంస్థకు చెందుతాయనే వాక్యాన్ని సంతకాలకు ముందే కొటేషన్‌లో చేర్చండి.