ఆర్ నేర్చుకుంటున్నారా, సాయం ఎక్కడ వెతకాలంటే

గణాంకాలకి, డేటా పనికి వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్ (R) నేర్చుకోవాలంటే ముందు కోర్సులు పోగేయడం ఆపండి. ప్లేలిస్టులు సేవ్ చేసుకుని, టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు దించుకుని, ఒక్క లైను కోడ్ రాయకుండానే సెమిస్టర్ గడిపేసేవాళ్లు ఏ కాలేజీలో చూసినా కనిపిస్తారు. మొదట్లో కావాల్సిన సాయం చాలావరకు ఆర్ ఇన్‌స్టాల్ చేసినప్పుడే మీ కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది.

ఉదాహరణకి ఆర్‌లోనే ఎయిర్‌క్వాలిటీ అనే డేటా ఉంటుంది, 1973లో మే నుంచి సెప్టెంబర్ దాకా న్యూయార్క్ గాలి కొలతలు, మొత్తం 153 వరుసలు. అందులో ఓజోన్ సగటు తీయమంటే నంబర్ రాదు, ఎన్ఏ (NA) అని వస్తుంది, అంటే ఆ కాలమ్‌లో కొన్ని విలువలు లేవని. కొత్తవాళ్లకి ఇక్కడే టెన్షన్ మొదలు. గూగుల్ తెరిచే ముందు ఒక ప్రశ్నార్థకం కొట్టి, దాని పక్కనే ఫంక్షన్ పేరు మీన్ అని రాసి ఎంటర్ నొక్కండి, హెల్ప్ పేజీ వస్తుంది. అందులో భాష ఓ పట్టాన కొరుకుడు పడదు, అందుకే పైనుంచి చదవకుండా అడుగున ఉన్న ఎగ్జాంపుల్స్ రన్ చేసి, ఆ తర్వాత ఆర్గ్యుమెంట్స్, అంటే ఫంక్షన్‌కి మనం ఇచ్చే వివరాల దగ్గరికి రండి. ఎన్ఏ డాట్ ఆర్ఎమ్ (na.rm) అనేది అక్కడే ఉంటుంది, దాన్ని ట్రూ చేస్తే ఆ కాలమ్‌లోని 37 ఖాళీలను వదిలేసి సగటు చెబుతుంది.

పాఠంలా కావాలంటే స్వర్ల్ (swirl) ప్యాకేజీ వేసుకోండి, ప్యాకేజీ అంటే ఆర్‌కి అదనంగా కలుపుకునే ఫంక్షన్ల కట్ట. కమాండ్లు కొట్టే కన్సోల్‌లోనే ప్రశ్నలడుగుతుంది, తప్పు కొడితే మళ్లీ రాయమంటుంది. వీడియో చూస్తూ తలూపడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. పుస్తకమైతే ఆర్ ఫర్ డేటా సైన్స్, ఆన్‌లైన్‌లో ఉచితమే. 2023లో వచ్చిన రెండో ఎడిషన్ చదవండి, చేతులు మారుతూ తిరిగే పాత పీడీఎఫ్ వద్దు. ఏ పనికి ఏ ప్యాకేజీ అన్నది తెలియకపోతే ఆర్ ప్యాకేజీలన్నీ దొరికే క్రాన్ (CRAN) సైట్‌లో టాస్క్ వ్యూస్ అనే జాబితాలు చూడండి, సబ్జెక్టులవారీగా విడదీసి పెట్టారు.

ఇంకా ఇరుక్కుంటే ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో అడగండి, కానీ స్క్రీన్ ఫొటో పెట్టి "అర్జెంట్, హెల్ప్ ప్లీజ్" అంటే ఎవరూ పట్టించుకోరు. ఎర్రర్ మెసేజ్‌ని అక్షరం మార్చకుండా కాపీ చేయండి, డేటాలో నాలుగు వరుసలు తీసి డీపుట్ (dput) ఫంక్షన్‌తో టెక్స్ట్‌గా మార్చి పెట్టండి, కోడ్‌లో ఎర్రర్ రావడానికి అవసరమైన లైన్లు తప్ప మిగతావి తీసేయండి. ఇలా కత్తిరిస్తుంటేనే చాలాసార్లు తప్పు దొరికిపోతుంది, అడగక్కర్లేదు కూడా.

చాట్‌జీపీటీని అడగొచ్చా అంటే, అడగండి. లేని ఫంక్షన్లను కూడా ధీమాగా చెప్పేస్తుంది కాబట్టి వాడే ముందు అదే ప్రశ్నార్థకంతో హెల్ప్ పేజీ ఉందో లేదో చూసుకోండి. లాప్‌టాప్ లేకపోతే బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కోలాబ్‌లో రన్‌టైమ్ ఆర్‌కి మార్చుకోండి, కాలేజీ ల్యాబ్‌లో బ్రౌజర్ ఉన్నా సరిపోతుంది.