లైనక్స్‌లో ఎన్విడియా కార్డు మొండికేస్తే: డ్రైవర్ మళ్లీ వేసే ముందు చూడాల్సినవి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొని, ఇంటికొచ్చి ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) వేసుకునే విద్యార్థులు మన ఊళ్లో చాలామంది. స్క్రీన్ నల్లబడగానే టెన్షన్‌తో డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తారు. అది కూడా పనిచేయకపోతే మొత్తం ఉబుంటునే మళ్లీ వేస్తారు. అంత అవసరం లేదు. చాలాసార్లు డ్రైవర్ సిస్టమ్‌లో ఉంటుంది, కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) మాత్రం దాన్ని లోడ్ చేసుకోదు. ఎందుకు చేసుకోవడం లేదో పట్టుకుంటే చాలు.

మొదట టెర్మినల్‌లో "ఎల్‌ఎస్‌పీసీఐ -కె" కొట్టండి. వీజీఏ అన్న లైను కింద (ల్యాప్‌టాప్‌లో అయితే త్రీడీ కంట్రోలర్ కింద) "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" ఎదురుగా ఏముందో చూడండి. ఎన్విడియా అని ఉంటే డ్రైవర్ నడుస్తోంది. నూవో అని ఉంటే కెర్నెల్‌తో వచ్చే ఓపెన్ సోర్స్ డ్రైవర్ నడుస్తోంది. ఆ లైనే లేకపోతే ఏదీ లోడ్ కాలేదు. ఏఎండీజీపీయూ అని ఉంటే అది ఏఎండీ కార్డు, దాని డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉన్నట్టు, మామూలు వాడకానికి విడిగా ఏదీ వేయకండి.

సమస్య: బూట్ అవుతూ స్క్రీన్ నల్లబడిపోతోంది

ముందు మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా కార్డుకే ఉందా చూడండి. ఉంటే, కొత్త కార్డుల దగ్గర నూవో తడబడటం తరచూ కనిపించే కారణం. గ్రబ్ మెనూలో (కంప్యూటర్ ఆన్ కాగానే ఏది బూట్ చేయాలో అడిగే మెనూ) "ఈ" నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైను చివర "నోమోడ్‌సెట్" చేర్చి ఎఫ్10 నొక్కండి. ఇది ఆ ఒక్క బూట్‌కే. లోపలికి వెళ్లాక "సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్" కొట్టి రీస్టార్ట్ చేయండి.

సమస్య: డ్రైవర్ వేశాను, కానీ కార్డు స్థితి చూపించే "ఎన్విడియా-ఎస్‌ఎంఐ" కొడితే డ్రైవర్‌తో మాట్లాడలేకపోతున్నానంటోంది

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. "సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా" కొట్టండి. "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వస్తే కారణం సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం లేని కోడ్‌ని బూట్‌లో అడ్డుకునే రక్షణ. మీ మిషన్‌లోనే తయారైన మాడ్యూల్ (కెర్నెల్ లోడ్ చేసుకునే డ్రైవర్ ముక్క) మీద ఉన్న సంతకాన్ని అది గుర్తించడం లేదు.

ఆ సంతకం తాలూకు కీని (దీన్నే మాక్ అంటారు) గుర్తించేలా చేయడానికి "సుడో మాక్‌యుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/షిమ్-సైన్డ్/మాక్/మాక్.డెర్" కొట్టండి. చివరి ఫైలు పేరులో మాక్ పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, ఏదో ఒకటి పెట్టి రీస్టార్ట్ చేయండి. అప్పుడు నీలం స్క్రీన్ వస్తుంది. అది చూసి కంగారుపడి వదిలేయకండి, కొద్ది సెకన్లే ఆగుతుంది. ఏదైనా కీ నొక్కి, ఎన్‌రోల్ మాక్, కంటిన్యూ, యెస్ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ టైప్ చేయండి. టైప్ చేసేటప్పుడు అక్షరాలు కనిపించవు, అయినా పడుతున్నట్టే. ఆ స్క్రీన్ దాటిపోతే ఇంపోర్ట్ కమాండ్ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి. చాలామంది సెక్యూర్ బూట్ ఆపేయమంటారు. పని అవుతుంది కానీ, ఐదు నిమిషాల్లో సరిగ్గా అయ్యే దానికి రక్షణ వదులుకోవడం నాకు నచ్చదు.

సమస్య: నిన్నటిదాకా బాగుంది, అప్‌డేట్ తర్వాత పోయింది

కొత్త కెర్నెల్ వచ్చింది, దానికి తగ్గ మాడ్యూల్ తయారు కాలేదు. గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కెర్నెల్‌తో బూట్ చేస్తే ఆ రోజు పని ఆగదు. తర్వాత "డీకేఎంఎస్ స్టేటస్" (కొత్త కెర్నెల్‌కి మాడ్యూల్ మళ్లీ తయారుచేసే డీకేఎంఎస్ ఏం చేసిందో చెబుతుంది) చూసి, "లైనక్స్-హెడర్స్-జెనరిక్" ప్యాకేజీ వేసి, మళ్లీ కొత్త కెర్నెల్‌లోకి వెళ్లి "సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్" కొట్టండి. డ్రైవర్‌ని వెబ్‌సైట్ నుంచి రన్ ఫైలుగా దింపి వేసుకున్నవాళ్లకు ఇది పదేపదే ఎదురవుతుంది. వాళ్లు "సుడో ఎన్విడియా-అన్‌ఇన్‌స్టాల్"తో దాన్ని తీసేసి ఉబుంటు ప్యాకేజీకే మారాలి.

సమస్య: పాత కార్డు, కొత్త డ్రైవర్ దాన్ని గుర్తించడం లేదు

జీటీ 710కి ఎన్విడియా డ్రైవర్లలో 470 సిరీసే చివరిది. జీటీ 730తో మరీ జాగ్రత్త, ఒకే పేరుతో రెండు రకాల చిప్‌లు అమ్మారు. ఎల్‌ఎస్‌పీసీఐలో జీకే208 అని కనిపిస్తే 470 పడుతుంది. జీఎఫ్108 అయితే 390 దాకే, దానికి ఎన్విడియా సపోర్ట్ 2022తో ఆగింది. దానికి నూవోనే ఉంచేయండి. అందుకే కొనేటప్పుడే లైవ్ ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకెళ్లండి. "అన్నా, ఒక్కసారి సిస్టమ్‌లో పెట్టి ఆన్ చెయ్యవా" అని అడిగి, డబ్బు ఇవ్వకముందే చిప్ పేరు చూసుకోండి.