పాత రోడ్డు సైకిలుకు వానాకాలపు బ్రేకు

27 అంగుళాల చక్రాల పాత రోడ్డు సైకిలును రోజూ నడిపేవారు, తిరుపతిలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోపే క్రోమియం పూత ఉన్న స్టీలు రిమ్ములను తీసివేసి అల్యూమినియం రిమ్ములు వేయించుకోవడం మంచిది. తడిసిన స్టీలు రిమ్మును బ్రేకు రబ్బర్లు సరిగా పట్టవు. అలిపిరి నుంచి ఊళ్లోకి దిగే వాలులో బ్రేకు పిడిని పూర్తిగా నొక్కినా సైకిలు జారుతూనే పోతుంది.

ఇప్పుడు సులభంగా దొరికే 700 సి అనే కొలత రిమ్ము వేస్తే, టైరు కూర్చునే వ్యాసం 630 నుంచి 622 మిల్లీమీటర్లకు తగ్గుతుంది కనుక, బ్రేకు రబ్బర్లను బ్రేకు చేతుల్లో అవి బిగించే గాడిలో 4 మిల్లీమీటర్లు కిందికి దించి, రిమ్ము అంచుకు సరిగ్గా ఆనుతున్నాయో లేదో చేత్తో చక్రం తిప్పి చూసుకోవాలి. గాడి అంత పొడవు లేకపోతే పొడవైన చేతుల బ్రేకు అవసరమవుతుంది. టైర్లూ ట్యూబులూ ఆ కొలతవే తీసుకోవాలి. ఫ్రేమును మాత్రం మార్చనక్కరలేదు, ఆ పాత స్టీలు ఎంతో విలువైనది. గట్టి వానలో తడిసిన రోజున సీటు గొట్టం తీసి, సైకిలును తలకిందులు చేసి ఫ్రేము లోపలి నీరు కారనిచ్చి, ఆరాక గ్రీజు రాసి బిగించండి.