చెంచు పిల్లల చదువుకు సాయం చేద్దామనుకునేవాళ్లకు

పద్దెనిమిదేళ్లు అచ్చంపేట, మన్ననూరు చుట్టుపక్కల బళ్లలో టీచరుగా చేశాను. రిటైరైనా నెలకు రెండు మార్లు పెంటలకు, అంటే నల్లమల అడవిలోని చెంచుల గూడేలకు, పోకుండా ఉండలేను. మహబూబ్‌నగర్ నుంచి, నల్లగొండ నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తుంటారు. "టీచరమ్మా, చెంచు పిల్లల చదువుకు ఏమన్న చేద్దామనుకుంటున్నం, ఎక్కడ మొదలుపెట్టాలె?" అని. వాళ్లకు చెప్పేదంతా ఒక్కచోట రాస్తున్నాను.

ముందు బ్యాగులు, నోటుబుక్కులు కొనకండి. పోయి కూర్చోండి. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అప్పాపూర్, భౌరాపూర్ లాంటి లోపలి పెంటలకు పోవాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి, అది ముందే రాసి తీసుకోండి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా శ్రీశైలం రోడ్డు మీద బండ్లు వదలరు, కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. పెంటలో పుట్టి నాలుగు ముక్కలు చదువుకున్న పిల్లనో పిల్లగాన్నో వెంట పెట్టుకోండి, రోజు కూలి ఇచ్చి. మొదటి రెండు మార్లు ఏమీ పంచవద్దు. పంచడానికి వచ్చినవాళ్లతో ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

ఆ రెండు మార్లలో తెలుసుకోవాల్సింది వాళ్ల ఏడాది ఎట్లా నడుస్తుందో. ఎండాకాలంలో ఇప్పపువ్వు, తపసి బంక (తపసి చెట్టు నుంచి కారే జిగురు), ఆ వెంటనే తేనె. చైత్ర పున్నమికి సలేశ్వరం లింగమయ్య జాతర. తేనె కాలంలో ఇంటిల్లిపాదీ రోజుల తరబడి అడవిలోనే ఉంటారు, పిల్లలు కూడా. జూన్‌లో బడి తెరిచిన రోజు పిల్లగాడు రాలేదంటే చదువు మీద ఇష్టం లేక కాదు, ఇంట్లో వాళ్లు ఇంకా అడవిలోంచి రాలేదు. ఆ పదిహేను రోజులకు రిజిస్టర్‌లో పేరు కొట్టేశారా, ఆ పిల్లగాడు మళ్లీ బడి మెట్టు ఎక్కడు. హెడ్‌మాస్టరుతో మాట్లాడి ఆ పేరు నిలబెట్టడం మీరు చేయగలిగిన మొదటి సాయం. పైసా ఖర్చు కాదు.

నేను ఈ విషయంలో పెద్ద తప్పు చేశాను. రెండో తరగతి పిల్లగాడు ఒకడు హాస్టల్‌లోంచి తెల్లారుజామున లేచి, అడవి దారి పట్టి నడుచుకుంటూ ఇంటికి పోయాడు. నేను వెనకాలే పోయి, పెంటలో అందరి ముందర తల్లిని నిలదీశాను. ఆమె తల వంచుకుని నేలను గోటితో గీరుతూ కూర్చుంది. పక్కనున్న తాత మెల్లగా అడిగాడు: "అమ్మా, ఆరేళ్ల బిడ్డను నీ ఇంట్లకెళ్లి తీస్కపోతే నువ్వు ఊకుంటవా?" నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లగాడు తిరిగి రాలేదు, అది ఇప్పటికీ నన్ను కోస్తుంది.

అందుకే చెబుతున్నాను, మొదటి రెండేళ్లు చదువు పెంటలోనే చెప్పించండి. చదువుకున్న చెంచు అమ్మాయికి నెలనెలా జీతం ఇవ్వగలిగితే అంతకు మించిన ఖర్చు ఇంకోటి పెట్టుకోనక్కర్లేదు. హాస్టల్‌కు పంపే రోజు వచ్చినప్పుడు ఒక్కన్ని పంపకండి. ఒకే పెంట పిల్లలు ముగ్గురు నలుగురు, అన్నాచెల్లెళ్లుంటే ఇద్దరూ కలిసి పోవాలి. తల్లి నెలకోసారి వచ్చి చూసిపోవడానికి బస్సు కిరాయి మీరు పెట్టండి. దాతలు ఫొటోకు పనికిరాదని ఈ ఖర్చు ఒప్పుకోరు. ఒప్పించండి.

చెంచుల ఇంటి మాట తెలుగే. దాంతో బడి సార్లు భాష కష్టం లేదనుకుంటారు. కానీ పుస్తకంలో తెలుగు వేరు, రైలు, సముద్రం పాఠాలు వేరు. నేను ఇ అంటే ఇప్ప, ఎ అంటే ఎలుగు, త అంటే తపసి అని చెప్పేదాన్ని. లెక్కలకు స్ప్రింగ్ కాటా పట్టుకపోయేదాన్ని. బంకను తెల్లది ఒకపక్క, ఎర్రది ఒకపక్క వేరు చేయించి, కాటాకు తగిలించి ముల్లు ఎక్కడ ఆగిందో చదివించేదాన్ని. కిలో మీద రెండు వందల గ్రాములు అంటే ఎంత పైకం, ఏ రకానికి ఏ రేటు. మూడు వారాలకు ఒక పిల్ల, అడవి సరుకు కొనే జీసీసీ (గిరిజన సహకార సంస్థ) డిపోలో తల్లి పక్కన నిలబడి చీటీ చదివింది. "ఇగో, నూరు గ్రాములు తక్కువ రాసిండ్రు" అంది. మళ్లీ తూస్తే పిల్ల మాటే నిజమైంది. ఆ రోజు నుంచి తల్లే పిల్లను బడికి తరిమేది.

కాగితాల పని విసుగనిపిస్తుంది, కానీ పిల్లలు ఆగిపోయేది అక్కడే. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. వయసు కాగితం లేదని, టీసీ లేదని బడిలో చేర్చుకోననడానికి లేదు. బడి మానేసిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడ్డ పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఈ మూడు మాటలు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. పుట్టి ఏడాది దాటాక జనన నమోదుకు ఆర్డీఓ ఉత్తర్వు కావాలి. ఇంటిపేరు ఆధార్‌లో చిగుళ్ల, బడి రిజిస్టర్‌లో చిగుర్ల అని పడితే స్కాలర్‌షిప్ ఆగుతుంది. కాబట్టి చేర్చే రోజే అక్షరం అక్షరం సరిచూడండి. చాలా పెంటల్లో సిగ్నల్ అందదు, ఆన్‌లైన్ పనులన్నీ మన్ననూరులోనో అచ్చంపేటలోనో పూర్తి చేసుకుని రండి.

ఇక పని నేర్పడం. ఒకరు మంచి మనసుతోనే ఒక పెంటకు ఆరు కుట్టుమిషన్లు ఇచ్చారు. సూది విరిగితే మార్చేవాళ్లు లేరు, బట్ట కొనడానికి అచ్చంపేట పోవాలి, కుట్టించుకునేవాళ్లు లేరు. రెండు వానాకాలాలకు తుప్పు పట్టాయి. పని నేర్పే ముందు ఆ సరుకు ఎవరు కొంటారో తేల్చుకోండి.

తేనె అలా కాదు, ఆ పని వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. కొండ చరియ మీద తాడుకు వేలాడి తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టేది బామ్మర్దే. "అక్కను ముండమోయనియ్యడు గదా" అంటారు. వాళ్లకు మనం తేనె తీయడం నేర్పనక్కర్లేదు. తీశాక ఏం చేయాలో చూపాలి. పట్టును చేత్తో పిండితే పిల్లపురుగు కూడా నలిగి తేనె పులుస్తుంది. తేనె భాగం మాత్రం కోసి, బట్టలో వేలాడదీసి కారనివ్వాలి. తేమ నూటికి ఇరవై దాటకూడదు. తేమ చూసే చిన్న పరికరం ఒకటి పెంట సంఘానికి కొనివ్వండి. తపసి చెట్టుకు లోతుగా గాటు పెడితే చెట్టు చస్తుంది, గాటు ఎంత లోతు పెట్టాలో కూడా చెట్టు దగ్గరే నిలబడి చేసి చూపించాలి.

అడవి దాటి పోతామనే యువకులకు దారులున్నాయి. ఎనిమిది పాసైతే ఐటీఐలో వెల్డర్, వైర్‌మన్ చేయవచ్చు. బడి మానేసినవాళ్లు పద్నాలుగేళ్లు నిండితే ఓపెన్ స్కూల్‌లో నేరుగా పది రాయవచ్చు. కమర్షియల్ బండ్ల డ్రైవింగ్ లైసెన్సుకు ఎనిమిదో తరగతి నిబంధన 2019లో తీసేశారు. పట్నంలో ట్రైనింగ్‌కు పంపితే మాత్రం ఇద్దరిని కలిపి పంపండి. మొదటి నెల వారానికోసారి మీరే పోయి కలవండి.

నేను వచ్చే పున్నమి తర్వాత పోతున్నాను. రాదలచినవాళ్లు సొంత అన్నం, నీళ్లు తెచ్చుకోండి. కాటా నా దగ్గరుంది.