క్రెమాయెత్ ఎలా చేయాలి? రమ్మును కాల్చి కాఫీ పోసే పద్ధతి

స్పెయిన్‌లో భోజనం చివర మద్యం కలిపిన కాఫీ అడిగితే మామూలుగా వచ్చేది కరాహియో. చిన్న గ్లాసులో ఎస్ప్రెస్సో, అందులో కాస్త బ్రాందీయో రమ్మో, అంతే. తూర్పు తీరంలోని వాలెన్సియా, కాస్తెయోన్ వైపు మాత్రం రమ్మును చక్కెరతో కాల్చి, దాని మీద కాఫీని తేలేలా పోస్తారు. అదే క్రెమాయెత్. పొద్దున పది పదకొండు గంటలకు పెద్ద పెద్ద బ్రెడ్డు సాండ్‌విచ్‌లతో తినే ఎస్మోర్సారెత్ అనే ఫలహారం కూడా అక్కడ దీంతోనే ముగుస్తుంది. మెక్సికోలో లికోర్ 43 అనే తియ్యటి స్పానిష్ మద్యాన్ని కాఫీతో కలిపి ఐసు మీద పోసి ఇచ్చేదాన్నీ కరాహియో అనే అంటారు. అది బాగానే ఉంటుంది కానీ దాని దారి వేరు.

ఒక గ్లాసుకు: ముదురు రంగు రమ్ము 50 మిల్లీలీటర్లు, చక్కెర రెండు టీ స్పూన్లు, నిమ్మ తొక్క రెండు పేళ్లు, అర వేలెడు దాల్చిన చెక్క, వేయించిన కాఫీ గింజలు నాలుగైదు, చిక్కటి కాఫీ 40 మిల్లీలీటర్లు. ఓల్డ్ మాంక్ లాంటి 42.8 శాతం రమ్ము చక్కగా అంటుకుంటుంది. తెల్ల రమ్ము వద్దు. మన నిమ్మకాయ తొక్క పలచన కాబట్టి బాగా పండిన పసుపు కాయ తీసుకుని, పీలర్‌తో పైపైనే చెక్కండి. లోపలి తెల్ల పొర వచ్చిందంటే చేదు కూడా వెంటే వస్తుంది.

కాఫీ ఎస్ప్రెస్సో అయితే మేలు, స్టవ్ మీద పెట్టి కాఫీ దించే మోకా పాట్‌దైనా సరే. ఫిల్టర్ డికాషన్ వాడేవాళ్లు చికోరీ లేని పొడితో, మొదట దిగిన చిక్కటిదే తీసుకోవాలి. కాలిన చక్కెర చేదుకు చికోరీ చేదు తోడైతే గొంతు దిగదు.

చక్కెర తగ్గిద్దామనుకునేవాళ్లకు ఒక మాట. ఆల్కహాలు నీటికన్నా తేలిక. చక్కెర కరిగి బరువెక్కితేనే రమ్ము అడుగున నిలుస్తుంది, కాఫీ పైన ఆగుతుంది. ఒక స్పూనుతో సరిపెడితే రెండూ కలిసిపోయి మామూలు కరాహియో అవుతుంది. తీపి పడనివాళ్లు కరాహియోనే తాగొచ్చు.

ఇక అసలు పని, మంట. చాలామంది చెడగొట్టేదీ, చేతులు కాల్చుకునేదీ ఇక్కడే.

రమ్మును ముందే కొలిచి గిన్నెలో పోసి, సీసాకు బిరడా పెట్టి పక్క గదిలో పెట్టేయండి. మండుతున్న గిన్నెలోకి సీసాతో పోస్తే మంట ధార వెంబడి పైకి ఎగబాకి సీసాలోకి వెళ్తుంది. చిమ్నీ, ఫ్యాన్ రెండూ ఆపాలి. చిమ్నీ మంటను జిడ్డు పట్టిన జాలీలోకి లాగుతుంది. చున్నీ, కొంగు, వదులు చేతులు బిగించుకోవాలి. గిన్నెకు సరిపడే మూత చేతికి అందేంత దూరంలో ఉండాలి. ఏదైనా తేడా వస్తే మూత పెట్టడమే మార్గం. నీళ్లు కొట్టకండి, మండుతున్న రమ్ము చింది గట్టంతా పాకుతుంది.

పొడవాటి పిడి ఉన్న మందపాటి చిన్న గిన్నెలో రమ్ము, చక్కెర, తొక్క, దాల్చిన చెక్క, గింజలు వేసి సన్నని సెగ మీద పెట్టండి. అంచుల వెంట చిన్న బుడగలు కనిపించగానే దించేయాలి. మరగనివ్వకూడదు. మరిగితే మండాల్సిన ఆవిరి ముందే పోతుంది, పోయింది కూడా గిన్నె చుట్టూ కమ్ముకుని ఉంటుంది. అప్పుడు అంటిస్తే మంట ముఖం మీదికి లేస్తుంది. అందుకే స్టవ్ కట్టేసి, గిన్నెను పక్కకు జరిపి, మొహం వెనక్కి పెట్టి, పొడుగు మెడ ఉన్న మంట లైటర్‌తో అంచున తాకించండి. మామూలు గ్యాస్ లైటర్ రవ్వే ఇస్తుంది, దానికోసం చెయ్యి ఆవిరిలో పెట్టాల్సి వస్తుంది. అగ్గిపుల్ల మరీ పొట్టి.

మంట నీలంగా ఉంటుంది, పట్టపగటి వెలుతురులో దాదాపు కనపడదు. ఆరిపోయిందనుకుని మళ్లీ అంటించబోవడం ఇక్కడ జరిగే ప్రమాదాల్లో ముఖ్యమైనది. లైటు కాస్త తగ్గించుకుంటే తెలుస్తుంది. పొడుగు చెంచాతో అడుగు నుంచి నెమ్మదిగా తిప్పుతూ ఉంటే చక్కెర పూర్తిగా కరుగుతుంది. ఒకటి, ఒకటిన్నర నిమిషం చాలు. తొక్క అంచులు గోధుమ రంగుకు తిరుగుతుండగానే మూత పెట్టి ఆర్పాలి. ఊదకండి. దానంతట అదే ఆరేదాకా వదిలేసే పద్ధతి ఒకటుంది. అలా చేస్తే రమ్ము పాకంలా చిక్కబడి, తొక్క మాడి, కాఫీ ఏ పొడిదైనా ఒకే రుచి వస్తుంది. మరీ ముందే ఆర్పితే రమ్ము ఘాటు ముక్కుకు కొడుతుంది.

మండించాం కాబట్టి మత్తు పోయిందనుకోకండి. పైపైన కాలిస్తే ఆల్కహాలులో ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. బండి నడపాల్సినవాళ్లకు ఇవ్వొద్దు.

మిగిలింది తేలికే. మందపాటి చిన్న గాజు గ్లాసును వేడినీళ్లతో తొలిపి, లేకపోతే పగులుతుంది, రమ్మును వడగట్టి పోయండి. ఒక తొక్క పేడు, రెండు గింజలు గ్లాసులోకి వెయ్యొచ్చు. చెంచాను బోర్లించి, దాని వీపు మీదుగా కాఫీని సన్నటి ధారగా వదలండి. ఎస్ప్రెస్సో అయితే పైన నురగతో మూడు వరసలు కనిపిస్తాయి. డికాషన్‌కు రెండే. మూడోదాని కోసం తిరగబోసి నురగ తెప్పించకండి. చూసుకున్నాక, అడుగు నుంచి కలిపే తాగాలి. కలపకపోతే మొదట ఉత్త కాఫీ, చివర ఉత్త పాకం.

నలుగురికి కావాలంటే కొలతలన్నీ నాలుగింతలు చేసి ఒకే గిన్నెలో కాల్చొచ్చు, కానీ గిన్నె సగానికి మించి నిండకూడదు. అంతకన్నా ఎక్కువమంది ఉంటే స్పెయిన్ ఈశాన్య మూలన ఉన్న కాతలోనియాలోని కోస్తా బ్రావా తీరంలో చేసే క్రెమాత్ నయం. అక్కడ వెడల్పాటి మట్టిపాత్రలో రమ్మును కాల్చి, కాఫీని నేరుగా ఆ పాత్రలోనే పోసి మంట ఆర్పి, గరిటెతో పంచుతారు. వరసల గొడవ ఉండదు.