నలభై మంది రెయిడ్‌లో వారియర్ ట్యాంక్: బాస్‌ను అదుపులో ఉంచే పద్ధతి

నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం వైపు నుంచి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆట ఆడుతూ, వారియర్ అనే యోధుడి పాత్రను 60వ లెవెల్‌కు తెచ్చుకొని, మొదటిసారి రెయిడ్‌లో (నలభై మంది కలిసి బాస్‌లనే పెద్ద శత్రువులను ఎదుర్కొనే పోరులో) ట్యాంక్‌గా (బాస్ దెబ్బలను తన మీదికి తీసుకునేవాడిగా) నిలబడబోతున్న వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇక్కడ ఇచ్చిన అంకెలన్నీ 2019 ఆగస్టులో విడుదలైన క్లాసిక్‌వి, అంటే 60వ లెవెలే గరిష్ఠంగా ఉన్న ఆటవి. తర్వాతి విస్తరణల్లో ఇవే నైపుణ్యాల పేర్లు కొనసాగినా వాటి లెక్కలు మారాయి కాబట్టి, అక్కడ ఆడేవారు ఈ అంకెలను యథాతథంగా తీసుకోకూడదు.

ట్యాంక్ అంటే దెబ్బలు ఓర్చుకునేవాడని చాలామంది అనుకుంటారు. ఓర్చుకోవలసిందే, అయితే ఆ భారంలో ఎక్కువ భాగం కవచానిదీ, ప్రాణం నింపే హీలర్లదీ. ఆటగాడి చేతిలో ఉన్నది వేరే పని: బాస్ ఎక్కడ నిలబడుతుందో, ఎటు తిరిగి ఉంటుందో, తర్వాతి దెబ్బ ఎవరి మీద, సుమారు ఎంత బరువుతో పడుతుందో మిగతా 39 మందికీ ముందే తెలిసేలా చేయడం. హీలర్ 2 సెకన్ల ముందే హీల్ మొదలుపెట్టగలిగితే ట్యాంక్ బతుకుతాడు, దెబ్బ పడ్డాక మొదలుపెడితే బతకడు. కవచం ఎంపిక మొదలుకొని టాంట్ (బాస్‌ను బలవంతంగా తన వైపు తిప్పుకునే నైపుణ్యం) వేసే క్షణం వరకు ప్రతి నిర్ణయాన్నీ ఈ ఒక్క ప్రశ్నతో తూచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ముందు కవచం సంగతి. రెయిడ్ బాస్‌ను ఆట 63వ లెవెల్‌గా లెక్కిస్తుంది. మామూలు 300 డిఫెన్స్‌తో (రక్షణ నైపుణ్యపు అంకెతో) నిలబడితే దాని దెబ్బల్లో 5.6 శాతం క్రిటికల్‌గా, అంటే రెట్టింపు బరువుతో పడతాయి. డిఫెన్స్ ఒక్కో పాయింటుకు ఆ అవకాశం 0.04 శాతం తగ్గుతుంది కాబట్టి, 440 దగ్గర అది పూర్తిగా సున్నా అవుతుంది. అయితే క్రషింగ్ బ్లో అనే మరో రకం దెబ్బ ఉంది. మీకన్నా 3 లెవెళ్లు పైనున్న శత్రువు వేసే ఈ దెబ్బ ఒకటిన్నర రెట్లు బరువుగా, 15 శాతం అవకాశంతో పడుతుంది, డిఫెన్స్ ఎంత పెంచినా ఆ 15 శాతం తగ్గదు. దాన్ని ఆపేది షీల్డ్ బ్లాక్ ఒక్కటే. 10 రేజ్ (కొట్టినా, దెబ్బ తిన్నా పెరిగే, నైపుణ్యాలకు ఖర్చయ్యే శక్తి) ఖర్చుతో 5 సెకన్ల పాటు బ్లాక్ (డాలుతో అడ్డుకోవడం) అవకాశాన్ని 75 శాతం పెంచే ఈ నైపుణ్యం పనిచేస్తున్నంతసేపు, దెబ్బ తప్పిపోవడం, డాడ్జ్ (పక్కకు తప్పుకోవడం), ప్యారీ (ఆయుధంతో అడ్డుకోవడం), బ్లాక్ కలిసి నూటికి నూరు భాగాలూ ఆక్రమించుకుంటాయి కనుక క్రషింగ్‌కు చోటే మిగలదు. కాకపోతే అది ఒక్క దెబ్బకే వర్తిస్తుంది, ఇంప్రూవ్డ్ షీల్డ్ బ్లాక్ టాలెంట్ (లెవెల్‌తో వచ్చే పాయింట్లతో ఎంచుకునే మెరుగుదల) తీసుకుంటే 2 దెబ్బలకు వర్తిస్తుంది. ఆ టాలెంట్‌ను కొత్త ట్యాంక్ వదులుకోకూడదు.

ఇక థ్రెట్. బాస్ తన జాబితాలో ఎవరి మీద ఎంత కోపం పెట్టుకోవాలో లెక్కగట్టే సంఖ్య ఇది. డిఫెన్సివ్ స్టాన్స్‌లో (రక్షణ భంగిమలో) మీరు చేసే ప్రతి పనికీ 1.3 రెట్లు థ్రెట్ వస్తుంది, డిఫయెన్స్ టాలెంట్‌లో 5 పాయింట్లూ పెడితే అది దాదాపు 1.5 రెట్లవుతుంది. దగ్గర నుంచి కొట్టే రోగ్ పాత్రకు అదే సంఖ్య 0.71 కాబట్టి, ఇద్దరూ సమానంగా కొట్టినా మీ థ్రెట్ అతని కన్నా రెట్టింపు పైనే ఉంటుంది. అంతేకాక, మిమ్మల్ని దాటిన వెంటనే బాస్ అటు తిరగదు. దగ్గరగా నిలబడి కొట్టేవారు మీ థ్రెట్‌లో 110 శాతాన్ని, దూరం నుంచి కొట్టేవారు 130 శాతాన్ని దాటాలి. మీకు 10,000 ఉంటే రోగ్ 11,000 దాకా, మేజ్ 13,000 దాకా నిశ్చింతగా కొట్టవచ్చన్నమాట. హీలర్లకు వచ్చే థ్రెట్ నిజంగా నిండిన ప్రాణంలో సగం మాత్రమే, అదీ యుద్ధంలో ఉన్న శత్రువులందరికీ పంచబడుతుంది. కాబట్టి ఒక్క బాస్ ఉన్నప్పుడు హీలర్ గురించి బెంగ అక్కర్లేదు. చిన్న శత్రువులు (మాబ్‌లు) గుంపుగా వచ్చి, వాటిలో కొన్నింటిని ఎవరూ తాకనప్పుడు మాత్రం అవి నేరుగా హీలర్ దగ్గరకే పోతాయి.

అలయన్స్ పక్షంలో ఆడేవారు ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. ప్యాలడిన్ పాత్ర ఇచ్చే బ్లెస్సింగ్ ఆఫ్ సాల్వేషన్ అనే దీవెన థ్రెట్‌ను 30 శాతం తగ్గిస్తుంది. పెద్ద బ్లెస్సింగ్‌ను ఒక క్లాస్ మొత్తానికి వేస్తారు కాబట్టి, కొట్టడమే పనిగా ఉన్న ఫ్యూరీ వారియర్ల కోసం వేసింది ట్యాంక్ మీద కూడా పడుతుంది. పుల్‌కు (బాస్‌ను కదిలించి పోరు మొదలుపెట్టడానికి) ముందు మీ బఫ్‌లను (మీ మీద పనిచేస్తున్న దీవెనల్లాంటి వాటిని) ఒకసారి చూసుకొని, అది కనబడితే వెంటనే తీసేయండి. తీసేసే ఆదేశాన్ని షీల్డ్ బ్లాక్ మాక్రోలోనే (ఒకే మీటకు కట్టిన ఆదేశాల వరుసలోనే) చేర్చుకుంటే మరచిపోయే ప్రమాదం ఉండదు.

రెయిడ్‌లో వైప్‌లకు (అందరూ చనిపోయి ఓడిపోవడానికి) బీజం ఎక్కువగా పడేది తొలి పది సెకన్లలోనే, అందుచేత వాటిని కాస్త వివరంగా చెబుతాను. బాస్ వైపు కదలడానికి ముందు బ్లడ్‌రేజ్ వాడండి. కొంత ప్రాణం తీసుకొని, వెంటనే 10, తర్వాతి 10 సెకన్లలో మరో 10 రేజ్ ఇస్తుంది. అది మిమ్మల్ని యుద్ధంలోకి దించుతుంది కనుక ఆ తర్వాత చార్జ్ చేయలేరు, కానీ బాస్‌ను విల్లుతో కొట్టి రప్పించుకునే పుల్‌లో చార్జ్ అవసరమే రాదు. బాస్ మీ దగ్గరకు వచ్చేలోపు నిర్ణయించిన చోటికి చేరుకొని, అది తాకే ముందు షీల్డ్ బ్లాక్ నొక్కండి. మొదటి దెబ్బను బ్లాక్ చేయగానే రివెంజ్ వెలుగుతుంది. 5 రేజ్‌కే దొరికే ఆ నైపుణ్యం ఇచ్చే థ్రెట్ ఖర్చుతో పోలిస్తే ఎంతో ఎక్కువ, కాబట్టి వెలిగిన ప్రతిసారీ దాన్నే ముందు వాడాలి. తర్వాత షీల్డ్ స్లామ్, ఖాళీ దొరికినప్పుడల్లా సండర్ ఆర్మర్. సండర్ ఒక్కో పొర బాస్ ఆర్మర్‌ను 450 చొప్పున తగ్గిస్తుంది, 5 పొరలు పడితే మీ పక్కన కొట్టే వారందరి బలం కూడా పెరుగుతుంది. ఈ లోపు మిగతావారు చేతులు కట్టుకొని ఉండాలి. మన కుర్రవాళ్లు నలుగురు ఒకే గిల్డ్‌లో (ఆటగాళ్ల బృందంలో) ఉంటే వాయిస్‌లో వినబడే మాట ఇదే: "అబ్బయా, ఇప్పుడే కొట్టబాకండి, రెండు సండర్లు పడనీండి." ఆ మాట చెప్పడానికి మొహమాటపడే ట్యాంక్ మిగతా పోరాటమంతా బాస్ వెనక పరుగెత్తవలసి వస్తుంది.

రేజ్‌ను వాడే తీరులోనే అనుభవం కనిపిస్తుంది. గరిష్ఠం 100. సోమశిల జలాశయం నిండాక వచ్చిన వరదను గేట్లెత్తి కిందికి వదిలేయక తప్పనట్టే, 100 దాటి వచ్చిన రేజ్ ఎవరికీ పనికిరాకుండా పోతుంది. బాస్ గట్టిగా కొడుతున్నప్పుడు రేజ్ పొంగుతుంది, అప్పుడు తర్వాతి మామూలు దెబ్బ స్థానంలో పడే హీరోయిక్ స్ట్రైక్‌లోకి మిగులును మళ్లించాలి. అయితే హీరోయిక్ స్ట్రైక్ పడిన దెబ్బ నుంచి మీకు తిరిగి రేజ్ రాదు. అందుకని 50 కన్నా తక్కువ ఉన్నప్పుడు దాని జోలికి పోకుండా, షీల్డ్ బ్లాక్‌కు కావలసిన 10 ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి. కవచం మెరుగయ్యేకొద్దీ దెబ్బలు తగ్గి, వాటితోపాటు వచ్చే రేజ్ కూడా తగ్గడం కొత్తవారిని తికమక పెడుతుంది. తేలికైన బాస్‌ల దగ్గర ఒకటి రెండు రక్షణ వస్తువులు తీసేసి, దెబ్బ గురి తప్పకుండా చేసే హిట్ ఉన్నవి వేసుకోవడం దానికి సరైన మందు. ఫ్యూరీ టాలెంట్లతో రెండు చేతుల్లో ఆయుధాలు పట్టుకొని ట్యాంక్ చేసేవారూ ఉన్నారు. హీలర్లు ఆరితేరిన గిల్డ్‌లో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది గానీ, మొదటి నెలల్లో డాలు వదలమని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

నిలబడే చోటుకు ఒనిక్సియాను మించిన పాఠం లేదు. ఈ డ్రాగన్ ముందు నిలబడితే నిప్పు ఊపిరి, క్లీవ్ (ఎదురుగా ఉన్న పలువురికి ఒకేసారి తగిలే దెబ్బ). వెనక నిలబడితే తోక దెబ్బకు ఎగిరి గుడ్లున్న గుంటల్లో పడతారు, పిల్ల డ్రాగన్లు ఒక్కసారిగా లేస్తాయి. కాబట్టి ట్యాంక్ దాన్ని గుహ చివరి గోడ వరకు తీసుకెళ్లి, తన వీపును గోడకు ఆనించి, మిగతావారికి రెండు పక్కలనూ ఖాళీగా ఉంచాలి. రెక్కలతో విసిరే దెబ్బకు మీరు వెనక్కి పోకుండా ఆపేది ఆ గోడే. 65 శాతం ప్రాణం దగ్గర అది గాలిలోకి లేస్తుంది, 40 శాతం దగ్గర దిగుతుంది. దిగిన తర్వాత గర్జనతో అందరినీ భయపెట్టి చెల్లాచెదురు చేస్తుంది, ట్యాంక్ కూడా పరుగెత్తితే డ్రాగన్ ముఖం రెయిడ్ మీదికి తిరుగుతుంది.

భయాన్ని వారియర్ తనంతట తానే తప్పించుకోగలడు. బెర్సర్కర్ రేజ్ 10 సెకన్ల పాటు భయం తగలనివ్వదు, 30 సెకన్లకోసారి దొరుకుతుంది, కానీ బెర్సర్కర్ స్టాన్స్‌లోనే పనిచేస్తుంది, ఆ స్టాన్స్‌లో మీ మీద పడే దెబ్బ 10 శాతం పెరుగుతుంది. స్టాన్స్ మారినప్పుడు ట్యాక్టికల్ మాస్టరీ టాలెంట్ పూర్తిగా ఉంటే 25 రేజ్ వరకే మిగులుతుంది. అందుచేత వరుస ఇలా ఉండాలి: ముందు షీల్డ్ స్లామ్‌తో అదనపు రేజ్ ఖర్చు చేయండి, బెర్సర్కర్ స్టాన్స్‌కు మారండి, బెర్సర్కర్ రేజ్ నొక్కండి, వెంటనే డిఫెన్సివ్‌కు తిరిగి రండి. గర్జన మొదలవడం కంటితో చూశాక ఇదంతా చేద్దామంటే సమయం చాలదు. టైమర్ చూపించే యాడ్‌ఆన్ పెట్టుకొని, గర్జన రావడానికి కొన్ని సెకన్ల ముందే పూర్తిచేయాలి.

బాస్‌ను ఎప్పుడూ మీ ముందే ఉంచుకోండి. వెనక నుంచి వచ్చే దెబ్బకు డాడ్జ్, ప్యారీ, బ్లాక్ మూడూ పనిచేయవు. మిగతా కొట్టేవాళ్లు బాస్ వెనక ఉండటానికీ కారణం ఉంది: ముందు నుంచి పడే దెబ్బలను బాస్ ప్యారీ చేయగలదు, చాలా బాస్‌లు ప్యారీ చేసిన ప్రతిసారీ తర్వాతి దెబ్బను త్వరగా వేస్తాయి, ఆ దెబ్బ పడేది మీ మీదే.

టాంట్ గురించి ఒక అపోహను తొలగించాలి. టాంట్ కొత్తగా థ్రెట్‌ను కుమ్మరించదు. జాబితాలో అందరికన్నా పైనున్న వారితో మిమ్మల్ని సమానం చేసి, 3 సెకన్లు బాస్ మిమ్మల్నే కొట్టేలా చేస్తుంది. ఆ 3 సెకన్లలో మీరు థ్రెట్ పెంచకపోతే బాస్ మళ్లీ పోతుంది, టాంట్ తిరిగి రావడానికి 10 సెకన్లు పడుతుంది. ఇప్పటికే మీ మీదున్న బాస్‌కు టాంట్ వేసి వృథా చేయకూడదని వేరే చెప్పనక్కర్లేదు. బ్లాక్‌వింగ్ లెయిర్ రెయిడ్‌లోని వైలాస్ట్రాజ్ లాంటి బాస్‌లకు టాంట్ అసలు తగలదు. అక్కడ 45 సెకన్లకోసారి ఎదురుగా ఉన్న ట్యాంక్ మీద బర్నింగ్ అడ్రినలిన్ పడుతుంది, 20 సెకన్లలో అతను చనిపోవడం ఖాయం. అతను పడిపోగానే జాబితాలో రెండో స్థానంలో ఉన్నవారి వైపు బాస్ తిరుగుతుంది కాబట్టి, ఆ రెండో స్థానం రెండో ట్యాంక్‌దే అయ్యేలా మొదటి నుంచీ కాపాడుకోవాలి, అతను కూడా మొదటి ట్యాంక్ పక్కనే అదే వైపు నిలబడాలి.

షీల్డ్ వాల్ 10 సెకన్ల పాటు దెబ్బను 75 శాతం తగ్గిస్తుంది, కానీ 30 నిమిషాలకు ఒక్కసారే. లాస్ట్ స్టాండ్ 20 సెకన్లు ప్రాణాన్ని 30 శాతం పెంచుతుంది. ప్రాణం పాతాళానికి పడ్డాక వీటిని వాడితే తరచూ ఆలస్యమైపోతుంది. ఏ దశలో ఏది వాడతారో పుల్‌కు ముందే హీలర్లకు చెప్పి, వాడే క్షణంలో వాయిస్‌లో మళ్లీ ఒక్క మాట అనండి. ఆ 10 సెకన్లలో వారు మానా (హీల్‌కు ఖర్చయ్యే శక్తి) మిగుల్చుకుంటారు. గ్రేటర్ స్టోన్‌షీల్డ్ పోషన్ 2 నిమిషాల పాటు 2000 ఆర్మర్ ఇస్తుంది, బరువైన శారీరక దెబ్బలు వేసే బాస్‌ల దగ్గర దాన్ని దాచుకోవడం అనవసరం.

మన ప్రాంతం నుంచి ఆడేవారికి మరో ఇబ్బంది ఉంది. యూరప్ సర్వర్లలో అక్కడి కాలమానం ప్రకారం రాత్రి 8 గంటలకు మొదలయ్యే రెయిడ్ మనకు వేసవిలో రాత్రి 11:30కి, చలికాలంలో 12:30కి పడుతుంది, పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి వచ్చే సమయం) 150 మిల్లీసెకన్లు దాటడం మామూలే. వైఫై వదిలి కంప్యూటర్‌కు నేరుగా లాన్ కేబుల్ పెట్టుకోండి. స్పెల్ క్యూ విండో అనే అమరికను డిఫాల్ట్‌గా ఉండే 400 మిల్లీసెకన్ల దగ్గరే ఉంచండి. ముందు నైపుణ్యం పూర్తికాకముందే మీరు నొక్కిన తర్వాతిదాన్ని సర్వర్ అందుకొని వరుసలో పెట్టేది దాని వల్లే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండాల కాలంలో కరెంటు, కేబుల్ రెండూ నమ్మకంగా ఉండవు. రౌటర్‌కూ ఫైబర్ డబ్బాకూ కలిపి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుని, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీ పాత్ర కదలకుండా నిలిచిపోయినట్టు కనిపిస్తే అడగకుండానే బాస్‌ను తీసుకొమ్మని రెండో ట్యాంక్‌కు ముందే చెప్పి ఉంచండి.

వైప్ అయిన తర్వాత వాదనకు దిగకముందు కంబాట్ లాగ్ (పోరులోని దెబ్బలన్నీ నమోదయ్యే చిట్టా) తెరిచి, మీరు చనిపోవడానికి ముందు 5 సెకన్లు చదవండి. రెండు వరుస దెబ్బల్లో ఒకటి క్రషింగ్ అయితే షీల్డ్ బ్లాక్ ఆలస్యమైందని అర్థం. దెబ్బలు మామూలుగానే ఉండి హీల్ ఒక్కటీ రాకపోతే హీలర్లు హీల్ అందేంత దగ్గరలో లేరో, భయంలో ఉన్నారో చూడాలి. బాస్ మీ దగ్గరే లేకుండా పోయి ఉంటే థ్రెట్ మీటర్‌లో ఎవరు ఏ క్షణంలో దాటారో చూసి, తర్వాతి పుల్‌లో వారిని మరో రెండు సండర్లు పడేదాకా ఆగమని చెప్పండి.