చలి వచ్చి కదలకపోతే: విశాఖవాసులు తీసుకోవలసిన జాగ్రత్తలు

విశాఖలో చలేంటి అని ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు అంటుంటారు. ఒక్క రోజు చలైతే మనకీ లెక్క లేదు. ఇంకో దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. మనల్ని దెబ్బతీసేది వచ్చి కదలని చలి. వారం పది రోజులు అదే మంచు, ఆకు కూడా ఊగని అదే గాలి. మూడో రోజుకి మా బాల్కనీ గ్రిల్ మీద వేలు రాస్తే నల్లగా అంటుకుంటుంది. నాలుగో రోజుకి అమ్మకి దగ్గు మొదలవుతుంది. అందుకే డిసెంబరు రాగానే నేను ఎన్ని డిగ్రీలు అన్నదాని కంటే ఎన్నాళ్లు ఉంటుంది అన్నదే ఎక్కువ చూస్తాను.

ఎందుకు కదలదో కాస్త తెలుసుకుంటే జాగ్రత్తలు తేలిగ్గా అర్థమవుతాయి. నేలకి సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జోరుగా ఒక గాలి ప్రవాహం సాగుతుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. యూరప్, రష్యాల మీద వాతావరణాన్ని ముందుకి తోసేది ఇదే. ఒక్కోసారి దాని దారిలో పెద్ద అధిక పీడనం, అంటే గాలి పైనుంచి కిందకి నొక్కుకుంటూ దిగే ప్రాంతం ఒకటి తిష్ఠ వేస్తుంది. మద్దిలపాలెం జంక్షన్‌లో లారీ అడ్డంగా ఆగిపోతే బండ్లన్నీ సందుల్లోకి మళ్లినట్టు, ఆ గాలి ఉత్తరానికో దక్షిణానికో చుట్టు తిరిగి పోతుంది. పటంలో చూస్తే గుర్రపు నాడాలా కనిపిస్తుంది. దీన్నే బ్లాకింగ్ అంటారు. రెండు మూడు రోజుల్లో మారిపోవలసిన వాతావరణం అప్పుడు వారాల తరబడి ఒకేచోట ఉండిపోతుంది. 2012 జనవరి, ఫిబ్రవరి నెలల్లో యూరప్ అంతా గడ్డకట్టింది ఇలాంటి అడ్డంకి వల్లే. 2010 వేసవిలో రష్యా మాడిపోయిందీ దీనివల్లే.

ఆ అడ్డంకి మన నెత్తి మీదకి రాదు. మనం భూమధ్యరేఖకి దగ్గరవాళ్లం, పైగా సైబీరియా చలిని హిమాలయాలు చాలావరకు ఆపేస్తాయి. కానీ అక్కడ దారి మారిన గాలుల ప్రభావం మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వాన మబ్బుల గుంపుల మీద పడుతుంది, వాటిని పశ్చిమ అలజడులు అంటారు. అవి ఉత్తర భారతంలో వానా మంచూ కురిపించి దాటిపోయాక, వాటి వెనకే చల్లటి ఉత్తరపు గాలి ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మీదుగా మన ఏజెన్సీలోకి దిగుతుంది. ఆ అడ్డంకి కాకపోయినా, మన పైన మామూలు అధిక పీడనం నిలబడితే ఆకాశం తేటగా, గాలి నిశ్చలంగా ఉంటుంది. పగలు పుచ్చుకున్న వేడిని నేల రాత్రికి రాత్రే వదిలేస్తుంది. నేలని అంటుకుని చల్లగాలి, దాని మీద మూతలా వెచ్చటి గాలి. కింది మంచూ పొగా ఆ మూత దాటి పైకి పోలేవు.

ఆ మూతని కళ్లారా చూడాలంటే పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కాలి. తెల్లవారుజామున కింద లోయంతా పాలు పోసినట్టు తెల్లటి మంచు నిండి ఉంటుంది. దాని పైఅంచు గీత గీసినట్టు ఒకే ఎత్తులో ఆగిపోతుంది. మూత ఉన్నది అక్కడే. ఫొటోలకి అందరూ పరుగెత్తేది దాని కోసమే. సరిగ్గా అలాంటి మూతే విశాఖ మీద కూడా పడుతుంది. ఇటు కైలాసగిరి, అటు యారాడ కొండ, మధ్యలో గిన్నెలా ఊరు. ఇక్కడ ఆ గిన్నెలో నిండేది లారీల పొగ, ఫ్యాక్టరీల పొగ, రోడ్ల దుమ్ము.

కాబట్టి చలి నిలిచిన రోజుల్లో తెల్లవారుజామున అయిదింటికి బీచ్ రోడ్డు నడక పెద్దవాళ్లకి వద్దు. స్వచ్ఛమైన గాలి అనుకుంటాం గానీ, ఈ రోజుల్లో ఊళ్లో గాలి బాగా చెడి ఉండేది ఆ వేళలోనే. ఎండెక్కి నేల వేడెక్కాక, తొమ్మిది పది గంటలకి మూత విడుతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. మాత్రలు మానకండి. మూతి ఒక పక్కకి వంకరపోవడం, చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం, ఛాతీలో నొప్పి, వీటిలో ఏది కనిపించినా తగ్గుతుందేమో అని చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్‌లో మందు ఎంత మిగిలిందో నవంబరులోనే చూసుకోండి. కిటికీలు పదకొండు నుంచి నాలుగు దాకా తెరిచి, పొద్దువాలాక మూయండి. వీధిలో చెత్త కాలుస్తుంటే వెళ్లి ఆపించండి. ఆ పొగ ఎక్కడికీ పోదు, మన గదుల్లోకే వస్తుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే భయపెట్టే విషయం. రెండేళ్ల క్రితం మేము లంబసింగి వెళ్లాం. కొర్రబయలు అని ఆ ఊరికి ఇంకో పేరు, బయటుంటే కర్రలా కొయ్యబారిపోతాం అని. గదిలో వణుకు తట్టుకోలేక మా పిల్లలు బయటి నెగడులోంచి నిప్పులు ఇనప బాండీలో తెచ్చి మంచం పక్కన పెట్టుకుని తలుపు గడియ పెట్టుకున్నారు. మంట లేదు, పొగ లేదు, ఎర్రగా నిప్పులు మాత్రమే. గంట గడిచాక మా చిన్నాడు తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంది అంటూ తూలుతూ లేచాడు. వాడు లేచి తలుపు తీశాడు కాబట్టి సరిపోయింది. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉంటే నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మూసిన గదిలో, టెంటులో, కారులో కుంపటి పెట్టుకోవద్దు. ఇంజన్ ఆన్‌లో ఉంచి కారులో పడుకోవద్దు. ఊళ్లో ఇళ్లల్లో కూడా, గాలి పోయే దారి లేని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ వద్దు. ఎవరికైనా తల తిరిగిందంటే ముందు బయటి గాలిలోకి తీసుకెళ్లండి.

ఘాట్ రోడ్డుకి రాత్రి రెండింటికి బయలుదేరే అలవాటు మానుకుంటే మంచిది. నిద్రమత్తు, పొగమంచు, మలుపులు మూడూ ఒకేసారి కలుస్తాయి. ముందు రోజు సాయంత్రమే పాడేరు చేరి పడుకోండి. మంచులో హై బీమ్ వేస్తే వెలుగంతా తిరిగి మన కళ్లలోనే పడుతుంది, లో బీమ్‌లోనే నడపండి. ఇక ముందుకి పోలేం అనిపిస్తే రోడ్డు మీద కాకుండా పూర్తిగా పక్కకి దిగి ఆగండి.

డిసెంబరులో బంగాళాఖాతాన్నీ మరచిపోకూడదు. తుపాను తనంతట తాను పెద్దగా నడవదు, ఎక్కువగా చుట్టూ ఉన్న పెద్ద గాలులు తోస్తేనే కదులుతుంది. రెండు అధిక పీడనాల మధ్య చిక్కుకుంటే నెమ్మదిస్తుంది, లేదా వచ్చిన దారినే తిరిగిపోతుంది. 2013 డిసెంబరులో మాదీ తుపాను ఉత్తరానికి వెళ్తూ వెళ్తూ వెనక్కి మళ్లి తమిళనాడు చేరింది. 2023లో మిచాంగ్ చెన్నై దగ్గర నెమ్మదించి ఆ నగరాన్ని ముంచి, డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కాబట్టి 'మనకి రాదట' అన్న ఒక్క మాట విని వేటకి బయలుదేరొద్దు. కోత అయి పనలు చేలో ఉన్నవాళ్లు అల్పపీడనం అన్నప్పుడే కుప్ప వేసి టార్పాలిన్ కప్పుకోవడం మంచిది. వేటకి వెళ్లేవాళ్లు తుపాను హెచ్చరిక కేంద్రం వెళ్లొచ్చని చెప్పేదాకా ఆగాలి.

వాతావరణ శాఖ బులెటిన్ చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. తీర ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువకి దిగి, మామూలు కంటే 4.5 డిగ్రీలు తగ్గితే దాన్ని చలిగాలులు అనవచ్చు. మైదానాల్లోలా 10 దాకా దిగక్కర్లేదు. అంటే మనకి 14 అన్నా తేలిగ్గా తీసుకోకూడదు. ప్రతి గురువారం రాబోయే వారాల అంచనా కూడా ఇస్తారు. సంక్రాంతి ప్రయాణాలున్నవాళ్లు అది చూసుకోవాలి. ఉత్తరాదిలో మంచు కదలకపోతే ఢిల్లీ నుంచి వచ్చే రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. పెద్దవాళ్లు ఎక్కుతుంటే స్వెటర్, మాత్రలు, ఒక పూట తిండి ఎక్కువ పెట్టి పంపండి.

ఇక భోగి. చలి నిలిచిన వారంలోనే పండగ వస్తే మంటల్లో టైర్లు, ప్లాస్టిక్ పడకుండా వీధిలో ముందే మాట్లాడుకోండి. పిడకలు, ఎండు కర్రలు చాలు. మా అపార్ట్‌మెంట్‌లో మంట చిన్నదిగా, గేటుకి దూరంగా వేస్తాం. అమ్మకి మంట చూడకపోతే పండగ కాదు, అందుకని మూడో అంతస్తు కిటికీ అద్దం వెనక కుర్చీ వేస్తాం. పదింటికి పొగ తేలిపోయాక కిందకి తీసుకొస్తాం.